మా మాట: బిడ్డ వ్రాసిన కథ

ఈ నెల మాకు వచ్చిన జాబులలో రెండింటిని గూర్చి ఇచ్చట ముచ్చటింపదలచితిమి. రెండును తల్లులు వ్రాసినవే. రెండును పట్నమున చదువుకొను ఆడుబిడ్డలను గూర్చినవే. పేళ్లను, ఊళ్లను మేము వెల్లడింపము. ఒకటి జనగామ ప్రక్కనుండియు, రెండవది భూపాలపల్లి బొగ్గుగనుల ప్రాంతమునుండియు వచ్చినవని మాత్రము చెప్పిన చాలును.

మొదటి సోదరి వ్రాసిన సంగతి యిది. ఆమె కుమార్తె హైదరాబాదులో నొక కళాశాలయందు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఆ కళాశాలవారు ఏటేట విద్యార్థినుల కథలను, పద్యములను, వ్యాసములను చేర్చి యొక సంచికగా అచ్చువేయుదురు. ఈ యేడు అందులో ఆ బిడ్డ కథ పడినది. దసరా సెలవులకు వచ్చుచు ఆ పుస్తకమును సంతోషముతో వెంట తెచ్చినది. కథలో నొక తల్లి గలదు. ఆమె ఇంటిల్లిపాదికిని వడ్డించి, అందరును తిని లేచిన పిదప గిన్నె అడుగున మిగిలినది తినును. పెండ్లికి ముందు తాను నేర్చిన బతుకమ్మ పాటలను ఒక నోటు పుస్తకమున వ్రాసికొని, దానిని బియ్యపు డబ్బా వెనుక దాచుకొన్నది. ఇరువది యేండ్లుగా ఆ పుస్తకమేమని ఇంటిలో నెవ్వరును అడుగలేదు. కథ యంతయు నింతే.

తండ్రి ఆ కథ చదివెను. చదివి, “ఇంటి గుట్టు బజారున పెట్టినది. చదువుకొమ్మని పంపితిమి గాని కథలల్లుమని పంపితిమా?” అని కోపించి, ఇక మీదట ఏమియు వ్రాయనని మాట యిచ్చిన గాని తిరిగి పట్నము పంపనని కూర్చుండెను. బిడ్డ మాట యిచ్చి వెళ్లినది. అది మొదలు ఇంటినుండి ఫోను చేసినను రెండు మాటలకు మించి పలుకుట లేదట. తల్లి మమ్మడిగిన ప్రశ్న ఇది: “ఆ కథ చదివి మావారికి కోపము వచ్చినది. నాకు ఏడుపు వచ్చినది, కోపము రాలేదు. నాది తప్పా?”

రెండవ సోదరి ప్రశ్న వేరు. ఆమె కుమార్తె పట్నమున చిత్రకళ చదువుచు, ప్రదర్శనశాలలలో పెట్టిన బొమ్మలను గూర్చియు, ఆడిన నాటకములను గూర్చియు విద్యార్థుల పత్రికలో విమర్శలు వ్రాయుచున్నదట. “బొమ్మ వేసిన నొక అర్థము గలదు. ఒకరు వేసిన బొమ్మను చూచి అది యిట్లున్నది, అట్లున్నదని వ్రాయుట యేమి పని? అది అన్నము పెట్టునా?” అని ఆ సోదరి యడిగినది.

ఈ రెండు ప్రశ్నలును రెండిండ్లవి మాత్రమే కావు. ఈ నాడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలనుండి యెందరో బాలికలు చదువునకై పట్నము చేరుచున్నారు. వారు వసతిగృహమున దీపము క్రింద కూర్చుండి వ్రాయునది యేమో తల్లికి తెలియదు. తల్లి దానిని గూర్చి యేమనుకొనునో బిడ్డకు తెలియదు. కావున మాకు తోచినది విపులముగ చెప్పుదుము.

మొదట, ఈ వ్రాతపని మన సీమకు పట్నమునుండి దిగిన క్రొత్త విద్య యని యెవ్వరును తలపరాదు. మహబూబాబాదును మన పెద్దలు మానుకోట యందురు. ఆ ప్రాంతపు ఇనుగుర్తి యను పల్లెనుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అను సోదరులు 1922లో ‘తెనుగు’ అను వారపత్రికను వెలువరించిరి. అది నిజాము రాజ్యము. సర్కారు భాష ఉర్దూ. తెలుగున బడి దొరకుటయే గగనము. అట్టి దినములలో పట్నమునుండి పల్లెకు పత్రిక వచ్చుట గాక, పల్లెనుండి లోకమునకు పత్రిక పోయినది. నాలుగేండ్ల పిదప, 1926లో, హైదరాబాదున గోలకొండ పత్రిక పుట్టెను. ఈ సీమలో తెలుగు కవులే లేరను మాట యొకటి వినబడగా, ఆ పత్రిక నడపిన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపించి యూరకుండలేదు. ఊరూరికిని జాబులు వ్రాసి, 354 మంది కవుల పద్యములను సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ యను పేర అచ్చువేసిరి. అందు స్త్రీలును గలరు. ఒక చెడ్డ విమర్శకు మంచి విమర్శ యెట్లు జవాబు చెప్పునో తెలియుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. అరపులేదు, తిట్టులేదు, సాక్ష్యము మాత్రము చూపిరి.

మానుకోట సీమలోనే చిన్నగూడూరు గలదు. దాశరథి కృష్ణమాచార్యులుగారు 1925లోను, వారి తమ్ముడు రంగాచార్యులుగారు 1928లోను అచ్చట జన్మించిరి. అన్నగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిరి. యౌవనముననే నిజాము చెరసాల చూచిరి. చెరసాల గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. వారి ‘అగ్నిధార’ 1949లో అచ్చయినది. తమ్ముడుగారు ‘చిల్లర దేవుళ్లు’ అను నవలలో దొరల గడీలను, అందు మ్రగ్గిన ఆడబాపల బ్రదుకును చిత్రించిరి. సోదరీమణులారా, ఇచ్చట నొక నిమిషము ఆగుదము. ఆడబాప యనగా దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు వెంట పంపబడు దాసీపిల్ల. ఆ పిల్ల కన్నీరు ఒకప్పుడు గడీల గుట్టు, ఊరి గుట్టు. గుట్టు గుట్టుగనే యుండవలెనని రంగాచార్యులుగారు కలము మూసియుండినచో, నేడు మన పిల్లలకు ఆ దురాచారము పేరైనను తెలిసియుండునా?

ఆడుబిడ్డ వ్రాతకును నిదర్శనము లేకపోలేదు. అబ్బూరి ఛాయాదేవిగారు 1933లో రాజమండ్రిలో పుట్టి, 1950ల తొలినాళ్లలో హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిరి. కళాశాల సంచికలో కథ వ్రాసినదే వారి తొలి యడుగు. తరువాత వారు వ్రాసిన ‘బోన్సాయ్ బ్రతుకు’ అను కథలో కుండీలో కత్తిరించి పెంచిన పొట్టి చెట్టును స్త్రీ జీవితమునకు పోల్చిరి. వారి ‘తన మార్గం’ అను కథల పుస్తకమునకు 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ఆ కథలలో యుద్ధములు లేవు, రాజులు లేరు. వంటయిల్లు, పడకకుర్చీ, అత్తగారు, ఆడబిడ్డ, ఇంటి పెద్దల ఆజ్ఞలు గలవు. ఇంటి సంగతి వ్రాయరాదను నియమము వారికి కాలేజీనాడే యెవరైన విధించియుండినచో, తెలుగు కథకు ఎంత నష్టము కలిగెడిదో ఆలోచింపుడు.

అయినను ఇంటి గుట్టు అను మాటను మేము తేలికగ త్రోసివేయము. సంసారము నమ్మకముపై నిలిచినది. తోడికోడలి కష్టము, అప్పులవాని జాబు, ఆడపడుచు సంబంధము తప్పిపోయిన కారణము — ఇట్టివి పేళ్లతో, ఆనవాళ్లతో అచ్చున పడినచో మనసు నొచ్చుటయే గాదు, ఒకరి బ్రదుకే చెడవచ్చును. కావున కథ వ్రాయు ప్రతి బిడ్డయు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా యభిప్రాయము. ఈ కథ చదివి ఊరివారు ఫలానావారని వ్రేలు చూపగలరా? నేను వ్రాయునది ఒకరిని చిన్నబుచ్చుటకా, లేక ఒక బాధను తెలియజేయుటకా? ఇందలి తప్పులో నా పాలు ఎంత?

మూడవ ప్రశ్నయే గొప్పది. పరులను దోషులుగ నిలిపి తాను మాత్రము న్యాయాధిపతి యగు రచన తేలికైనది. అది యెక్కువకాలము నిలువదు.

మేము ఆ సోదరిని అడిగి కథను తెప్పించుకొని చదివితిమి. అందు పేరు లేదు, ఊరు లేదు. తండ్రిని దుర్మార్గునిగ చిత్రింపలేదు. పొలమునుండి అలసి వచ్చి తిని పడుకొను మనుష్యునిగ చూపినది. ఇక చివరి పుటలో కథ చెప్పు పిల్ల పట్నమునుండి ఇంటికి వచ్చి, అలవాటు చొప్పున పళ్లెము ముందు కూర్చుండి, మొదటి ముద్ద నోట పెట్టుకొన్న పిదప గాని అమ్మ తినలేదని గుర్తింపదు. ఇరువది యేండ్లుగా అడుగనివారిలో తానును ఒకతెనని ఆ పిల్ల ఒప్పుకొన్నది. ఇది గుట్టు బయటపెట్టుట కాదు, తప్పు ఒప్పుకొనుట. ఆ బిడ్డ తండ్రిగారు చివరి పుట చదువకముందే పుస్తకము మూసిరేమో యని మాకు సందేహము కలుగుచున్నది.

అయితే బిడ్డయందును ఒక లోపము గలదు. ఆ పాటల పుస్తకము తల్లిది. దానిని కథలో పెట్టుటకు ముందు, “అమ్మా, నీ పుస్తకమును గూర్చి వ్రాయుదునా?” అని యడుగవలసినది. అచ్చయిన పిదప చూపుట వేరు, అచ్చునకు ముందు చూపుట వేరు. అడిగియుండినచో తల్లి కాదని యుండెడిది కాదు. తండ్రియు తన యింటి సంగతి అచ్చున చూచి యులికిపడెడివాడు కాడు.

ఇక రెండవ సోదరి ప్రశ్నకు వత్తము.

విమర్శ యనిన మనలో చాలమందికి తప్పులెన్నుట యను తలంపు గలదు. మరికొందరు దానిని మెప్పుగ నెంచుదురు. రెండును గాదు. సంక్రాంతికి సకినాలు చేయునపుడు మనమందరము విమర్శకులమే. ఒక పిల్ల చుట్టిన సకినము విరిగినదనుకొనుడు. “నీకు చేతకాదు” అనుట తిట్టు. “బాగున్నదిలే” యనుట మొగమాటము. “పిండి ఆరినది, కొంచెము తడి చేసి చుట్టుము” అనుట విమర్శ. అందు చూపు గలదు, కారణము గలదు, మేలుకోరుట గలదు. బొమ్మ నైనను, నాటకము నైనను, కథ నైనను విమర్శించుట కిదియే దారి. మొదట ఉన్నది ఉన్నట్లు చూడవలెను. చూచినది చూడనివారికి తెలియునట్లు చెప్పవలెను. బాగున్నదన్నను, లేదన్నను కారణము చూపవలెను.

ఇందు పల్లెనుండి పోయిన బిడ్డకు పట్నపు బిడ్డకు లేని బలమొకటి గలదు. జనగామ ప్రక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకుపై బొమ్మ గీసి, ఉలితోను సుత్తితోను కొట్టి, ఉబ్బెత్తుగ తేర్చు పనివారున్నారు. ఒకనాడు గుడులకును రథములకును తొడుగులు చేసిన చేతులవి. ఆ పనితనమునకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పట్నపు ప్రదర్శనశాలలో ఆ పళ్లెము గోడకు తగిలించి యుండగా చూచినవారు దాని మెరుపును మాత్రమే వర్ణింతురు. పెంబర్తి వీధిలో ఆ సుత్తి చప్పుడు వినుచు బడికి పోయిన పిల్లకు, ఆ గీత యెచ్చట చేయి తిరిగినవాడు కొట్టినదో, యెచ్చట తొందరపాటున జారినదో తెలియును. చేర్యాల నకాశీ పటములును అట్టివే. నేడవి అద్దము బిగించి గోడకు తగిలించు బొమ్మలు. నిజమునకు అవి గజముల కొలది పొడవైన గుడ్డపై వరుసగ వ్రాసి, ఊరి నడుమ విప్పి చూపుచు, కులపురాణములను రాత్రులందు పాడి చెప్పుటకై పుట్టినవి. ఆ పాట వినిన బిడ్డ వ్రాయు విమర్శకు ఎంత విలువ గలదో చూడుడు.

భూపాలపల్లి సోదరికి మరియొక మాట. మీ జిల్లాలోనే గణపురము కోటగుళ్లు గలవు. కాకతీయుల కాలపు రాతిపని. రేగొండ ప్రక్కన పాండవుల గుట్ట గలదు. ఆ గుట్ట రాళ్ల నీడన ఆదిమానవులు ఎర్రరంగుతో మృగములను చిత్రించి పోయిరి. ఆ బొమ్మ వేసినవాని పేరు మనకు తెలియదు. కాని దానిని చూచి, నిలిచి, ఇది పిల్లలు గీసిన గీత కాదు, మన పూర్వుల చేతిపని యని గుర్తించి, లోకమునకు వ్రాసి తెలిపినవారుండుట చేతనే అది మనకు దక్కినది. వ్రాసినవారు లేనిచో ఆ గుట్ట కంకరరాళ్లుగ పోయినను అడుగువారుండరు. మీ కుమార్తె నేర్చుచున్నది ఈ విద్యయే. అన్నము పెట్టునా యని యడిగితిరి. నిజమే చెప్పుదుము: విమర్శ యొక్కటియే యెవరికిని ఇల్లు గడుపదు. కాని చూచుటకును, కారణముతో చెప్పుటకును అలవడిన బిడ్డ బడిలో పాఠము చెప్పుటకును, పత్రికలలోను, పుస్తక ప్రచురణలోను, వస్తుప్రదర్శనశాలలలోను పనిచేయుటకును తగియుండును. అన్నము పెట్టు విద్యతో పాటు దీనిని సాగనిండు. దీనికై దానిని మాననీయకుడు.

తల్లులకు మేము చేయు మనవి కొంచెమే. బిడ్డ వ్రాసినది అచ్చయినచో మొదటినుండి చివరి పుటవరకు చదువుడు. “బాగున్నది” యని ముగింపక, ఏ మాట మీ మనసున నాటినదో, ఏ చోట నమ్మబుద్ధి కాలేదో చెప్పుడు. మీరు చదువు తక్కువవారమని జంకనక్కర లేదు. పాలకుర్తి సోమనాథుడు పండితుల మెప్పు కోరక, అందరికిని తెలియు తెలుగున ద్విపదలో వ్రాసినది మీవంటి వారి చెవులను నమ్మియే గదా. సెలవులకు వచ్చిన బిడ్డకు పండుగ పనులన్నియు అప్పగింపక రోజునకొక గంట విడువుడు. అచ్చయిన ప్రతులను చీరల పెట్టెలో భద్రపరుపుడు. కళాశాలలు మరచును, పెట్టె మరువదు.

కుమార్తెలకును చెప్పవలసినది గలదు. చదువు వెనుకబడునంతగ వ్రాతలో మునుగకుడు. కాగితముపై పడినది కొలదిమంది చదువుదురు. చేతి ఫోనులో పెట్టినది ముక్కు మొగము తెలియనివారెల్ల చూతురు. అందు మీ యింటి ఆనవాళ్లను, చిరునామాను ఉంచకుడు. ఒకరి వ్రాత నెత్తి వ్రాయకుడు. అడిగినదే తడవుగ కథ వ్రాసి యిచ్చు యంత్రములును నేడు వచ్చినవి. వానిచేత వ్రాయించి మీ పేరు పెట్టుకొనకుడు. బియ్యపు డబ్బా వెనుక ఏ పుస్తకమున్నదో ఏ యంత్రమునకును తెలియదు, మీకే తెలియును.

హైదరాబాదు కోఠీలోని ఆడుపిల్లల కళాశాల 1924లో స్థాపింపబడినది. ఒకప్పుడు ఆంగ్లేయ రెసిడెంటు నివసించిన భవనము పిదప ఆ బాలికల చదువునకు దక్కెను. ఆ కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయ మయ్యెను. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. ఐలమ్మ పాలకుర్తి స్త్రీ. తాను సాగుచేసిన పంటను దొర మనుషులు ఎత్తుకొనిపోవ రాగా నిలిచి యెదిరించినది. 1985లో మరణించినది. ఆమె కథ వ్రాసికొన లేదు. ఆమె బ్రదుకును చూచినవారు చెప్పిరి, వినినవారు వ్రాసిరి. అందుచేతనే నేడు వేలాది బాలికలు ఆ పేరు గల ద్వారమున ప్రవేశించుచున్నారు. పొలము దున్నిన తల్లి చరిత్ర వ్రాయదగినదైనపుడు, అందరికిని పెట్టి చివర తినిన తల్లి చరిత్ర వ్రాయదగినది కాదా?

జనగామ సోదరీ, మీ కన్నీరు తప్పు గాదు. మిమ్మొకరు చూచిరని తెలిసినపుడు వచ్చు కన్నీరది. మీ వారి కోపమును గూడ మేము నిందింపము. తన యింటిలో తానెరుగని సంగతి యొకటి పదిమందికి తెలిసినదను నొప్పి యది. ఆయనతో వాదింపకుడు. ఒక రాత్రి భోజనములకు ముందు ఆ నోటు పుస్తకమును బియ్యపు డబ్బా వెనుకనుండి తీసి, అందలి పాట నొకటి ఆయనకు వినిపింపుడు. పిదప కథ చివరి పుటను ఆయన చేతికిండు. అటుపిమ్మట బిడ్డకు ఫోను చేసి, ఇచ్చిన మాటనుండి ఆమెను విడిపింపవలసినవారు ఆయనయే. మాట తీసికొన్నవారే విడిపించిన గాని బిడ్డ మనసు తేలికపడదు.

సంక్రాంతికి ఆ బిడ్డ ఇంటికి వచ్చును. ఆ నాడు మీరందరును ఒక్క పంక్తిన కూర్చుండి భుజింతురని మా యాశ. తరువాతి కథలో ఆమె యేమి వ్రాయునో మాకును చదువవలెనని యున్నది. అచ్చయినచో తప్పక పంపుడు.